సిగ్గు నిర్ధారణ పట్టిక

మునిరత్నానికి చట్టమంటే ప్రాణం. లా కాలేజీలో ఇంకా నాలుగో ఏడే గనక ఆ ప్రేమకు దెబ్బలేవీ తగల్లేదు. ఈ దేశంలో ప్రతి రోగానికీ ఏదో ఒక సెక్షన్లో మందు ఉందనీ, జనానికి సీసా మూత తీయడం రాక అవస్థ పడుతున్నారనీ అతని నమ్మకం. అందుకని తోటి విద్యార్థుల్ని అయిదుగురిని పోగుచేసి న్యాయ సహాయ బృందం పెట్టాడు. ముందు టీషర్టులు వచ్చాయి. తర్వాత బ్యానరు వచ్చింది. ఆ తర్వాత, సహాయం ఎవరికి చెయ్యాలా అని వెతుక్కోవలసి వచ్చింది.

వెతగ్గా వెతగ్గా టౌనుకి ఇరవై కిలోమీటర్ల దూరాన, ఉప్పుకాలువ గట్టు మీద, తూముకట్ట యానాది కాలనీ దొరికింది. ముప్పై ఒక్క ఇళ్లు. మగవాళ్లు రొయ్యల గుంటలకు కాపలా కాస్తారు, ఆడవాళ్లు కాలువలో పీతలు పడతారు, కోతలయ్యాక ఇంటిల్లిపాదీ వరిచేలల్లో ఎలుక బొరియలు తవ్వుతారు. వాళ్లు యానాదులని చుట్టుపక్కల పన్నెండు ఊళ్లలో పసిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. చెప్పలేనిది ఒక్క తాసిల్దారు ఆఫీసే. కాలనీ మొత్తానికి ఒక్క కుల ధ్రువపత్రం లేదు. అది లేక ఇంటి స్థలం లేదు, హాస్టలు లేదు, ప్రభుత్వం గిరిజనులకు ఇస్తానన్న ఏ పథకమూ ఆ గట్టు ఎక్కలేదు.

మునిరత్నం జబ్బు కనిపెట్టాడు. వీళ్లకు భయం ఎక్కువ, అందుకే అడగరు. మూడు నెలల పాటు ఆదివారం ఆదివారం వెళ్లి ధైర్య శిక్షణ ఇచ్చాడు. అధికారి కళ్లలోకి చూసి మాట్లాడమన్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోమన్నాడు, చూపించకపోతే అడిగి కూర్చోమన్నాడు. పని ఎప్పటికవుతుందో తేదీ చెప్పించుకోందే లేవద్దన్నాడు. మొదట్లో బృందం రాగానే ఇళ్ల వెనక్కి జరిగిన ముసలమ్మలు మూడో నెలకల్లా అతన్నే నిలదీయడం మొదలుపెట్టారు. మీరొచ్చినప్పుడల్లా మాకు ఫోటోలు తీస్తిరి, ఆ ఫోటోలు ఏడకి పోతన్నాయి అని అడిగారు. మునిరత్నం వాళ్ల ధైర్యానికి పొంగిపోయాడు గాని ఫోటోల సంగతి చెప్పలేదు.

అప్పుడే అంకమ్మ సీటు సంగతి వచ్చింది. అంకమ్మ ఆ కాలనీలో పీతలు పట్టే చెంగమ్మ కూతురు. ఆ గట్టు మీద ఇంటరు గట్టెక్కిన మొదటి మనిషి. నర్సింగు కాలేజీలో గిరిజన కోటా కింద సీటొచ్చింది. ముప్పయ్యో తేదీ సాయంత్రం అయిదు లోపల కుల ధ్రువపత్రం చూపిస్తే సీటు ఆమెది, లేకపోతే జాబితాలో తర్వాతి వాళ్లది. చెంగమ్మకు ఇది చదువు సంగతి మాత్రమే కాదు. రెండో కానుపప్పుడు ఆసుపత్రిలో ఆమెను వరండాలోనే పడుకోబెట్టారు, బురద కాళ్లతో లోపలికి రావద్దన్నారు. ఆ బిడ్డ దక్కలేదు. లోపల మనోళ్లు ఒకరుంటే లోపలికి రానిస్తారు గదా అని ఆ తల్లి ఆశ. ఆ ఆశ వినడానికి చిన్నదే, కాని మునిరత్నం ఆ రాత్రే కూర్చుని అర్జీ రాశాడు.

అయిదో తేదీన అందరూ కలిసి ఇంటికో అర్జీ పట్టుకుని తాసిల్దారు ఆఫీసుకు వెళ్లారు. తాసిల్దారు పరాంకుశం గారు సరిగ్గా అప్పుడే కారు దిగుతూ దొరికిపోయారు. దొరికాక తప్పదు గనక గదిలోకి రానిచ్చారు. అంకమ్మ నేర్పినదంతా పొల్లుపోకుండా చేసింది. నమస్కారం పెట్టింది, కుర్చీ అడిగి కూర్చుంది, కళ్లలోకి చూసి విషయం చెప్పింది, ఎప్పటికిస్తారు సార్ అని తేదీ అడిగింది. మునిరత్నం వెనక నిలబడి లోలోపల చప్పట్లు కొట్టుకున్నాడు.

పరాంకుశం గారు బీరువా లోంచి ఒక పాత సర్క్యులరు తీసి దుమ్ము దులిపారు.

"గిరిజన లక్షణములు అయిదు. అందు నాల్గవది, బయటి సమాజముతో కలియుటకు సిగ్గు. తక్కినవి కంటికి కనబడునవి కావు. నాల్గవది కనబడవలెను. ఈ అమ్మాయి నా ఎదుట కుర్చీ అడిగి మరీ కూర్చున్నది. ఇందులో సిగ్గు ఎక్కడున్నది?"

అర్జీ పెట్టాలంటే రావాలి కదా సార్ అన్నాడు మునిరత్నం. వచ్చుట వేరు, ధైర్యముగా వచ్చుట వేరు అని పరాంకుశం గారు తేడా వివరించారు. నిజమైన గిరిజనుడు ఈ ఆఫీసు గడప తొక్కనే తొక్కడనీ, తన ముప్పై ఏళ్ల సర్వీసులో తొక్కిన వాణ్ణి చూడలేదనీ, అదే దానికి రుజువనీ చెప్పి, అంకమ్మ అర్జీ మీద ఇలా రాశారు: 'సదరు అర్జీదారు ధైర్యముగా మాట్లాడినందున గిరిజన లక్షణము లోపించినదని తిరస్కరించడమైనది.'

బయటికొచ్చాక విద్యార్థులు వేపచెట్టు కింద సమావేశమయ్యారు. హైకోర్టుకు పోదామన్నాడు జిలానీ. వాడు మునిరత్నం క్లాసువాడే, బృందానికి మోటారు సైకిలున్నది వాడొక్కడికే. కోర్టు తీర్పు వచ్చేసరికి అంకమ్మ మనవరాలు నర్సవుతుందని మునిరత్నం కొట్టిపారేశాడు. రూలు అంటూ ఉన్నాక నెరవేర్చాలి. చట్టం సిగ్గు అడుగుతోంది, సిగ్గే ఇద్దాం. అదే బ్యానరు తిరగేసి వెనకవైపు 'సిగ్గు శిక్షణ శిబిరం' అని రాయించాడు.

ఆ శిబిరం ఎలా జరిగిందో చూడవలసిందే. జిలానీ పీతల గంప బోర్లించి దాని మీద తాసిల్దారై కూర్చున్నాడు. కాలనీవాళ్లు ఒకరొకరే వచ్చి సిగ్గుపడాలి. కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీయడం ఎలాగో మునిరత్నం స్వయంగా చేసి చూపించాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ముసలి పోలయ్య కుంటుతూ వచ్చి, సిగ్గుపడమంటే రెండు చేతులతో మొహం కప్పుకుని వేళ్ల సందుల్లోంచి జిలానీని చూసి కన్ను కొట్టాడు.

చెంగమ్మకు మాత్రం ఒళ్లు మండింది. "అబ్బయ్యా, ఉన్న సిగ్గుని మీరే గదా మాన్పిస్తిరి. ఇప్పుడు మళ్లా తెచ్చుకోమంటే ఏడనించి తెచ్చేది మేము?" అంది.

పన్నెండో తేదీన అంకమ్మ రెండో అర్జీతో వెళ్లింది. పరాంకుశం గారు కాంపులో ఉన్నానని చెప్పించి, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు భూషణాన్ని విచారించమన్నారు. భూషణం మంచివాడు. మంచితనం వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేని చోట పనిచేస్తున్నాడు, అంతే. అంకమ్మ తలుపు చాటున నిలబడింది. పేరడిగితే తల దించుకుంది. నాన్న పేరడిగితే ఇంకా దించుకుంది. ఊరి పేరడిగేసరికి గడ్డం మెడకు ఆనింది. మునిరత్నం మురిసిపోయాడు. భూషణం చాలాసేపు చూసి, నిట్టూర్చి, ఇలా రాశాడు: 'అర్జీదారు నోరు విప్పనందున ఆమె ఎవరో తేలలేదు. ఎవరో తేలని మనిషి ఏ తెగయో తేల్చుట సాధ్యము కాదు.'

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అసలెంత మాట్లాడాలో చెప్పమని మునిరత్నం బతిమాలాడు. కొంత సిగ్గుపడాలనీ కొంత చెప్పాలనీ, ఏది ఎంతన్నది పైనుంచి రావాలనీ భూషణం చెప్పాడు.

వారం తిరక్కుండానే పైనుంచి వచ్చింది. పైన అంటే పరాంకుశం గారి గది. దాని పేరు సిగ్గు నిర్ధారణ పట్టిక. మొత్తం నూరు మార్కులు, ఎనభై వస్తే గిరిజనుడు. కొత్త మనిషిని చూసి ఎన్ని అడుగుల దూరాన ఆగును, కన్నెత్తి ఎన్ని సెకన్లు చూడగలడు, ఎన్నిసార్లు పిలిచిన పలుకును, బయటివారు వచ్చినపుడు ముందు దారిన వచ్చునా, వెనుక దారిన పోవునా. ఒక్కో ప్రశ్నకు పాతిక మార్కులు. కళ్లారా చూసిన ఇద్దరు చదువుకున్న సాక్షులు సంతకం చెయ్యాలి. అట్టడుగున, విచారణకు గురైన మనిషి సంతకం. మనుషులను స్వయంగా చూసే బాధ తప్పుతుందని పరాంకుశం గారు ఈ పట్టికను ఎంతో ఇష్టంగా తయారుచేశారట.

ఇరవై మూడో తేదీన భూషణం జీపులో టేపూ స్టాపువాచీ పట్టుకుని తూముకట్టకు బయల్దేరాడు. సాక్షులుగా మునిరత్నం, జిలానీ వెనక ఎక్కారు. జీపు గట్టు మలుపు తిరిగిందో లేదో, కాలనీలో మనిషి జాడ లేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, తాడు మీద గుడ్డలు ఆరుతున్నాయి, మనుషులు మాత్రం కాలువ అవతల జమ్ము పొదల్లోకి మాయమయ్యారు. ఒక్క పసిబిడ్డ ఏడుపు కూడా వినపడలేదు. తన శిక్షణ ఇంత బాగా ఫలించిందా అని మునిరత్నం కళ్లు మెరిశాయి.

భూషణమే అసలు సంగతి చెప్పాడు. చుట్టుపక్కల ఎక్కడ మోటారు పోయినా, మేక పోయినా, పోలీసు జీపు ముందు ఇక్కడికే వస్తుంది. దొరికిన మగవాళ్లను ఎక్కించుకుపోతుంది. మేకను ఎవరో తినేశాక తీరిగ్గా వదిలిపెడుతుంది. పోలయ్య కుంటడం అలా వచ్చిందే. జీపు చప్పుడు వింటే జమ్ములోకి పోవడం, బిడ్డ నోరు మూసి పట్టుకోవడం వాళ్లకు తాతలనాటి చదువు. మునిరత్నం నవ్వు అక్కడితో ఆగిపోయింది. పొంగిపోయినందుకు సిగ్గేసింది.

భూషణం మాత్రం డ్యూటీలో ఉన్నాడు. జమ్ము అంచు దాకా టేపు పట్టాడు. రెండు వందల పది అడుగులు. పట్టికలో యాభైకే పూర్తి మార్కులు. కన్నెత్తి చూసింది సున్నా సెకన్లు. తొమ్మిదిసార్లు పిలిచినా పలుకు లేదు. పోయింది వెనక దారినే. "ఇంత సిగ్గు నా సర్వీసులో చూళ్లేదయ్యా" అని ముప్పై ఒక్క పట్టికల్లోనూ నూటికి నూరు వేసి, అంకమ్మది పైన పెట్టాడు. సాక్షులు సంతకాలు చేశారు. మిగిలింది అట్టడుగు గడి.

దాక్కున్న మనిషి దాక్కున్నట్టే ఉండి సంతకం పెట్టాలి. బయటికొస్తే సిగ్గు పోతుంది, రాకపోతే కాగితం చెల్లదు. భూషణం గట్టు మీద నిలబడి, రావద్దమ్మా, సంతకం మాత్రం పెట్టండి అని రెండుసార్లు కేకేశాడు. గంట గడిచింది. అప్పుడు జమ్ము కదిలింది. మోకాటి లోతు బురదలో చెంగమ్మ నేరుగా జీపు దగ్గరికి వచ్చింది. అంతసేపు నీళ్లలో ఉండి వణుకుతోంది. బొటనవేలు చాచింది.

"నా బిడ్డకు బదులు నేను పెడతా ఉండా సామీ. దాని కాయితంలో ఏం రాయబాకు. ధైర్యం నాకు రాసుకో."

భూషణం ఆమె మొహం చూడలేక కాగితం వంక చూశాడు. అంకమ్మ మార్కులు కొట్టేశాడు. రెండో రోజు పరాంకుశం గారు దాని మీద తీర్పు రాసి పంపారు: 'తల్లి పిలువకనే ఎదుటికి వచ్చినందున, ధైర్యము వంశపారంపర్యమని భావించడమైనది.' అంకమ్మ పేరు కంప్యూటర్లో ధైర్యవంతుల జాబితాలోకి ఎక్కింది. ఇక ఆ పేరుతో పట్టిక పెడితే కంప్యూటరు తీసుకోదు. మిగతా ముప్పై ఇళ్ల కాగితాలూ సంతకం గడి ఖాళీగా ఆఫీసులోనే పడి ఉన్నాయి.

ఇరవై తొమ్మిదో తేదీ వచ్చింది. ఒక్క రోజు గడువు. అంకమ్మ, మునిరత్నం, జిలానీ తెల్లారి ఎనిమిది నుంచీ తాసిల్దారు ఆఫీసు వరండాలో కూర్చున్నారు. సారు రాలేదన్నాడు అటెండరు. సారు కారు ఎదురుగానే ఉంది. సారు గది కర్టెను కదులుతోంది. లోపల ఫోను మోగి మోగి ఆగిపోతోంది. పాసు పుస్తకం కోసం వచ్చిన రైతులు, పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లు ఆ కర్టెను వంకే చూస్తున్నారు. మునిరత్నం తన జీవితంలో మొదటిసారి ఏ సెక్షనూ గుర్తు రాక ఊరికే కూర్చున్నాడు.

అంకమ్మ మాత్రం ఊరికే కూర్చోలేదు. కౌంటర్లో ఖాళీ పట్టిక ఒకటి అడిగి తెచ్చుకుంది, జిలానీ చేతి వాచీ తీసుకుంది. పదకొండింటికి ఒక రైతు కర్టెను తీసి తల లోపల పెట్టాడు, సారు బీరువా చాటుకు తప్పుకున్నారు. అంకమ్మ రాసుకుంది. పన్నెండింటికి భూషణం తలుపు దగ్గర నిలబడి సార్ సార్ అని పదకొండుసార్లు పిలిచాడు. అంకమ్మ లెక్కపెట్టింది. రెండింటికి ఒక ముసలామె కిటికీలోంచి దణ్ణం పెడితే సారు ఒక్క సెకను చూసి చూపు తిప్పుకున్నారు. మూడున్నరకు స్నానాల గది పక్కనున్న వెనక తలుపు తీసుకుని, గోడ వారగా, జనానికి అరవై అడుగుల ఎడంగా, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయారు. అంకమ్మ మార్కులు కూడింది. తొంభై ఏడు. కిటికీలోంచి చూసినందుకు మూడు తగ్గించింది, న్యాయం న్యాయమే. పైన పేరు గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో పరాంకుశం అని రాసి సాక్షుల ముందు పెట్టింది.

మునిరత్నం నోరు తెరిచాడు. పట్టిక రెండుసార్లు చదివాడు. విచారణ ఎవరి మీద చెయ్యాలో అందులో ఎక్కడా లేదు. చూసిందంతా కళ్లారా చూసిందే. కాని అట్టడుగు గడి సంగతేమిటి, ఆయన సంతకం ఎలా వస్తుంది అన్నాడు.

"ఆయన సంతకానికి ఆయనెందుకన్నా? అది కంప్యూటరాయన దగ్గరే ఉంది గదా" అంది అంకమ్మ.

నిజమే. మండలంలో అందరికీ తెలిసిన రహస్యం అది. జనాన్ని చూడవలసి వస్తుందని పరాంకుశం గారు తన డిజిటల్ సంతకం తాళాన్ని ఏడాది కిందటే ఆపరేటరు చేతిలో పెట్టేశారు. ఏ కాగితం వచ్చినా దాని మీద ఆ సంతకం దానంతటదే పడుతుంది. దాక్కుని ఉండి కూడా సంతకం పెట్టగల మనిషి ఆ మండలంలో ఆయన ఒక్కడే. ఇద్దరు సాక్షులూ సంతకాలు చేశారు. ఆపరేటరు తలెత్తకుండా పట్టిక అందుకుని, మార్కులు టైపు కొట్టి, కాగితం బయటికి తీసి ఇచ్చాడు. శ్రీ పరాంకుశం యానాది తెగకు చెందినవారని శ్రీ పరాంకుశం ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నారని అందులో ఉంది.

మర్నాడు, ముప్పయ్యో తేదీన, ఆఫీసు తెరవకముందే పరాంకుశం గారు ముందు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన్ని అక్కడ చూసి అటెండరు ఎవరో అనుకుని రేపు రమ్మన్నాడు. రాత్రి నుంచీ ఆయన ఫోనుకు అభినందనలు వస్తున్నాయి. ఉప్పుకాలువ గట్టున ఆయనకు రెండు సెంట్ల ఇంటి స్థలం పరిశీలనలో ఉందట. ఆయన స్థలం గురించి భయపడలేదు. మునిరత్నం వచ్చి, తప్పుడు కుల ధ్రువపత్రం పుచ్చుకోవడం ఒక నేరమనీ, ఇవ్వడం ఇంకో నేరమనీ, ఈ కేసులో ఇద్దరూ తమరేననీ వినయంగా మనవి చేశాక భయపడ్డారు.

వెంటనే రద్దు చెయ్యమన్నారు. రద్దుకు ఆయన పెట్టిన నియమమే ఉంది. సదరు వ్యక్తి స్వయముగా హాజరై, తన మార్కులు ఎందుకు చెల్లవో స్వహస్తముతో రాసి ఇవ్వాలి. పరాంకుశం గారు వరండాలో బెంచీ మీద, రైతుల మధ్య కూర్చుని రాశారు. రెండు కాగితాలు చింపాక మూడోది కుదిరింది: 'నేను జనులకు చాటుగా ఉండుట నా స్వభావము. మనిషికి సిగ్గు ఉన్నంత మాత్రమున ఒక తెగ వాడు కాడు. ధైర్యము ఉన్నంత మాత్రమున ఆ తెగ వాడు కాకుండా పోడు. కావున సదరు పట్టికను బట్టి తెగ నిర్ణయించుట చెల్లదు.'

సంతకం చేసి ముద్ర వేశారు. అంకమ్మ ఆ కాగితం పక్కనే తన మొదటి అర్జీ పెట్టింది, 'ధైర్యముగా మాట్లాడినందున' అన్న చోట వేలుంచింది.

"దీని కిందా మీ సంతకమే ఉండాది సామీ. ఈ రెండిట్లో ఏది నిజమో చెప్పండి."

పరాంకుశం గారు ఈ కాగితం చూశారు, ఆ కాగితం చూశారు, వెనక తలుపు వైపు చూశారు. అక్కడ జిలానీ బండి అడ్డంగా ఉంది. భూషణం ఎప్పుడు వచ్చాడో గాని, ఎవరూ అడక్కుండానే అర్జీ వెనక ఒక్క వాక్యం రాసి పెట్టాడు: 'విచారించగా, వీరు యానాదులని పన్నెండు గ్రామములలో అందరికీ తెలియును.' విచారణ అంటే అంతేనని, మొదటి రోజే రాసి ఉండవలసిందని తనలో తను గొణుక్కున్నాడు. కాలనీలో మిగతా ముప్పై ఇళ్ల అర్జీలూ ఆ వాక్యం కిందే కలిపి కుట్టాడు. పరాంకుశం గారు పాత తిరస్కరణ కొట్టేసి, జాబితాలోంచి అంకమ్మ పేరు తీయించి, ధ్రువపత్రం చేతికిచ్చేసరికి మూడయింది. జిలానీ బండి మీద ముగ్గురూ ఎక్కి నర్సింగు కాలేజీ చేరేసరికి నాలుగున్నర దాటింది. గుమాస్తా కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, రసీదు ఇచ్చాడు. సీటు నిలిచింది.

గేటు బయట మునిరత్నం గాలి పీల్చుకున్నాడు. ఇది మన బృందం తొలి విజయమనీ, దీన్నొక నమూనాగా తీసుకుని జిల్లా మొత్తం మీద శిక్షణ పెట్టాలనీ అన్నాడు. అంకమ్మ రసీదును మడిచి జాకెట్లో దోపుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం తొణకలేదు.

"అన్నా, మూడు నెలలు ధైర్యం నేర్పిస్తిరి. మూడు వారాలు సిగ్గు నేర్పిస్తిరి. మీరు రాకముందు కూడా ఆ రెండూ మా దగ్గర ఉండాయన్నా. ఏది ఏడ వాడాల్నో మమ్మల్ని అడిగుంటే సరిపోయుండేది."

జిలానీ బండి స్టార్టు చేయబోయి ఆగాడు. మునిరత్నం ఆమె వైపు తిరిగి, ఆ మిగతా ముప్పై అర్జీలకు ఇప్పుడేం చేస్తే బాగుంటుందని అంకమ్మను అడిగాడు. చెప్పడం మాని ఆ కాలనీ మనిషిని అతను అడగడం అదే మొదలు.